బుట్టలో దిగిన వీలునామా

పోయిన వారం కథ మెట్ల మీద ఆగింది. మొత్తం ఇరవైరెండు మెట్లు. పదకొండేళ్లుగా వాటి జోలికి పోని మనిషి ఒకడు, మోకాలిని చేత్తో నొక్కిపట్టుకుని, మెట్టుకో ఊపిరి చొప్పున తీసుకుంటూ ఎక్కొచ్చి వకీలమ్మ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పేపరు ముక్క. వకీలమ్మ వారంవారం రాసే ‘చట్టం ఏమంటుంది?’ శీర్షికలోంచి, గీత గీసినంత తిన్నగా కత్తిరించిన ముక్క.

ఆ మనిషిని వీధి వీధంతా జిరాక్స్ బాబాయ్ అంటుంది. ఆఫీసుకి సరిగ్గా కింద అతని కొట్టు. మర్నాడు పదకొండింటికి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అది మిషన్ మేస్త్రి వీలునామా కేసు. కుట్టుమిషన్లు బాగుచేసే ఆ మేస్త్రి పెళ్లీ పెటాకులూ లేనివాడు. షాపునీ, షాపు మీది గదినీ, పనిముట్లనీ చనిపోయిన చెల్లెలి కూతురికి రాసి కన్నుమూశాడు. ఆ వీలునామా నిలబడితే అవన్నీ మేనకోడలివి. పడిపోతే, బతికున్న ఒక్కగానొక్క అన్నవి. సాక్షి సంతకాలు రెండున్నాయి. ఒకటి వకీలమ్మ దగ్గర పనిచేసిన గుమస్తాది. అతను పోయినేడు పోయాడు. రెండోది బాబాయ్‌ది. అంటే షాపు మొత్తం ఇప్పుడు బాబాయ్ నాలుక మీద ఉంది.

ఆ నాలుకే గుమ్మంలో నిలబడి, “ఈ జవాబు నువ్వు రాసిందేగా అమ్మా?” అంది.

వకీలమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. ఆవిడ రాసిందే.

ఆ వారం ఐదు ప్రశ్నలకి జవాబులు రాసింది. అద్దెకున్నవాడిని ఖాళీ చేయించడానికి కరెంటు తీసెయ్యొచ్చా అని ఒక ఇంటాయన అడిగితే, కొత్త సవరణ వచ్చాక అది నేరమని రాసింది. పక్కింటి కుక్క కరిస్తే ఎవరిది బాధ్యత అని ఒకావిడ అడిగితే, కుక్కని ముందు కవ్వించారా లేదా అన్నది కూడా చూస్తారని రాసింది. గ్యారంటీ కార్డు పోయిన ఫ్రిజ్జు గురించి ఒకరు, మొగుడి ఫోన్ మాటలు చాటుగా రికార్డు చేస్తే కోర్టులో చెల్లుతాయా అని ఇంకొకరు. ఐదోది ఇది:

‘ప్రశ్న: నేనొక వీలునామాకి సాక్షిగా సంతకం పెట్టాను. రాసినాయన సంతకం పెడుతుంటే నేను చూడలేదు. ఇప్పుడు చూశానని కోర్టులో చెప్పాలట. చెప్పవచ్చునా?

జవాబు: కూడదు. చూడనిది చూశానని ప్రమాణం చేసి చెప్పడం నేరం. చెప్పమన్నవారు మీకెంత దగ్గరివారైనా సరే, మొహమాటపడకండి.’

‘మొహమాటపడకండి’ అన్న మాట కింద ఎర్రసిరాతో గీత ఉంది. ఆ మాట రాసిన రోజున వకీలమ్మకి అది భలే కుదిరిందనిపించింది.

“ప్రశ్న పంపింది నువ్వేనా బాబాయ్?”

“పేరు రాయక్కర్లేదని కింద వేస్తారుగా. రాయలేదు.”

వకీలమ్మకి అప్పుడు తట్టింది. ఆ ఉత్తరం చేత్తో రాసిందే గాని చేత్తో రాసిన కాగితం కాదు, దాని జిరాక్స్. ఉత్తరం వచ్చిన రోజు వింతగా అనిపించి కూడా ఊరుకుంది.

“అసలు కాగితం నా దగ్గరే ఉందమ్మా. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు, నకలే ఇవ్వండని ఆ స్థలం గొడవ వాడికి నువ్వే రాశావుగా. నీ జవాబులన్నీ ఫైలు చేస్తా. ఆరేళ్లవి ఉన్నాయి.”

“కూర్చో ముందు.”

బాబాయ్ కూర్చున్నాడు. కూర్చున్న కుర్చీ ఎప్పటిదో అతనికి తెలుసు. దాని గ్యారంటీ కార్డుకి నకలు తీసింది అతనే. చుట్టూ చూశాడు. తన కొట్టుకి నెత్తిన పదకొండేళ్లుగా ఉన్న గదిని మళ్లీ చూడటం ఇదే. గోడకి ఆనించిన బెంచీ మీద ఒక మనిషి ఉందని అప్పుడే గమనించాడు.

బెంచీ మీద ఉన్నది మేనకోడలు. రేపు కోర్టులో ఎక్కడ నిలబడాలో, ఎవరికి నమస్కారం పెట్టాలో తెలుసుకుందామని వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి. పదహారేళ్లుగా మేనమామ పక్కన కూర్చుని మిషన్లు విప్పీ బిగించీ, గోళ్ల అంచుల్లో నూనె నల్లగా ఇంకిపోయింది. ఎంత కడిగినా పోదు. చేతిలో ఒక చిన్న స్క్రూడ్రైవర్ ఉంది. ఎందుకు తెచ్చుకుందో ఆమెకే తెలియదు.

“అంటే మావయ్య సంతకం పెడుతుంటే నువ్వు చూడలేదా బాబాయ్?” అంది.

“చూడలేదమ్మా.”

“మరి సంతకం ఎట్టా పెట్టావు?”

బాబాయ్ కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

ఆ కిటికీకి ఒక మేకు, మేకుకి ఒక కప్పీ, కప్పీకి తాడు, తాడు ఒక చివర వెదురుబుట్ట, రెండో చివర కింద కొట్టుదాకా. తాడుకి సైకిలు గంట కట్టి ఉంటుంది. బాబాయ్ మోకాలు పాడైన ఏడు గుమస్తా చేసిన ఏర్పాటు అది. నకళ్లు కావలసిన కాగితాలు బుట్టలో దిగేవి, నకళ్లతో సహా పైకొచ్చేవి. పని అయిపోతే కిందనుంచి తాడు గుంజితే గంట మోగేది. వీధిలో పిల్లలు ఆ బుట్టని చూడ్డానికి నిలబడేవాళ్లు. వకీలమ్మ కూడా ఆ బుట్ట గురించి నలుగురికీ గొప్పగా చెప్పుకునేది. కాగితాలతో పాటు సాక్షి సంతకాలు కూడా ఆ బుట్టలోనే తిరుగుతున్నాయని మాత్రం ఆవిడ అనుకోలేదు. అనుకోలేదంటే, అడగలేదు.

మేస్త్రి వీలునామా రాసింది నాలుగేళ్ల కిందట, జూన్ పద్నాలుగున. ఆ రోజు పన్నెండింటికి వేరే కేసు పిలుస్తున్నారని కబురొస్తే వకీలమ్మ నల్లకోటు చంకలో పెట్టుకుని పరుగెత్తింది. వెళ్తూ వెళ్తూ, సంతకాల పని చూడమని గుమస్తాకి అప్పజెప్పింది. రెండింటికి తిరిగొచ్చేసరికి వీలునామా ఫైల్లో ఉంది, మూడు సంతకాలతో, ముచ్చటగా. బాబాయ్ కోసం మేస్త్రిని కిందికి తీసుకెళ్లి ఉంటాడులే అనుకుంది.

“నా వాంగ్మూలం కాగితం కూడా బుట్టలోనే వచ్చింది, పోయిన నెల,” అన్నాడు బాబాయ్. “సంతకం పెట్టి పంపేశా. ఆ తర్వాత నకలు తీస్తుంటే ఒక ముక్క కళ్లబడింది, ‘నా కళ్లెదుట సంతకం చేసినారు’ అని. మామూలుగా నేను చదవను. ముప్పై ఏళ్లుగా కాగితాల్లో మార్జిన్ చూస్తాను, మసి పడిందా చూస్తాను, మాట చూడను. చదువుతూ కూర్చుంటే ఈ వీధిలో ఒక్కడితో కూడా మాట్లాడలేను కదా.”

“ఒక్క మాట బాబాయ్.” మేనకోడలు లేచి నిలబడింది. “చూశాను అని ఒక్క మాట. అబద్ధమేం కాదుగా. మావయ్య సంతకం పెట్టింది నిజం, నువ్వు పెట్టింది నిజం. మధ్యలో ఒక కిటికీ. ఆ కిటికీ కోసం నేను రోడ్డు మీద పడాలా?”

“మీ మావయ్య నా స్నేహితుడే అమ్మాయ్.”

“అందుకే అడుగుతున్నా. పెదమావయ్య మిషన్‌లో దారం ఎక్కించడం కూడా రాని మనిషి. షాపు తీసుకుని ఏం చేస్తాడు? గొలుసు పెట్టి కొలిచి అమ్ముకుంటాడు.”

అది నిజమే. మేస్త్రి అన్న సర్వేయర్‌గా చేసి రిటైరైనవాడు. మనిషిని చూసినా పొడవెంత, అడ్డమెంత అని చూసే రకం.

“నువ్వు కాసేపు బయట కూర్చో,” అంది వకీలమ్మ.

“నేనా? నా కేసే కదక్కా.”

“నీ కేసు కాబట్టే. నువ్వు ఎదురుగా ఉండగా ఆయన ఏం చెప్పినా, నీ మొహం చూసి చెప్పాడంటారు.”

మేనకోడలు స్క్రూడ్రైవర్‌ని రవిక లోపల దోపుకుని బయటికి నడిచింది. తలుపు వేస్తూ ఒకసారి బాబాయ్ మోకాలి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో, ఇరవైరెండు మెట్లెక్కించినందుకు జాలి ఉందో బాబాయ్‌కి అర్థం కాలేదు.

ఇప్పుడు గదిలో ఇద్దరే.

వకీలమ్మ తెల్లకాగితం ముందు పెట్టుకుంది. ఆవిడ మనసులో ఉన్న చట్టం ఇది. రాసినాయన సంతకం పెడుతుంటే సాక్షి చూడాలి. చూడకపోతే, ‘ఇది నేను పెట్టిన సంతకమే’ అని రాసినాయన తన నోటితో సాక్షికి చెప్పినా చాలు. కాని అది సాక్షి సంతకానికి ముందే చెప్పాలి. ఆ తర్వాత సాక్షి పెట్టే సంతకం రాసినాయన కళ్లెదుట పడాలి. పక్కన కూర్చోనక్కర్లేదు, చూపు ఆనేంత దూరంలో ఉంటే చాలు. అంటే ఇంకా ఒక దారి ఉంది, సన్నటిది.

ఆ దారి బాబాయ్‌కి చెబితే అతను అందులోనే నడుస్తాడు. నడిచాక, అది నిజంగా జరిగిందో, తను చెప్పబట్టి జరిగినట్టు గుర్తొచ్చిందో ఎవరికీ తెలియదు. బాబాయ్‌కి కూడా. అందుకని చట్టాన్ని పెదవుల వెనకే పెట్టుకుని అడిగింది.

“ఆ రోజు ఏం జరిగింది బాబాయ్? నువ్వే చెప్పు, పొద్దున్నుంచి.”

“పొద్దున్నుంచా? పొద్దున కాలేజీ పిల్లలు, సర్టిఫికెట్లు. ఒకడు తన మార్కుల చోట వేలు అడ్డం పెట్టి నకలు తీయమన్నాడు.”

“తర్వాత?”

“మధ్యాహ్నం గంట మోగింది. బుట్ట దిగింది. లోపల మీ ఆఫీసు కాగితం. గుమస్తా పైనుంచి, ‘బాబాయ్, రెండో సాక్షి చోట’ అని అరిచాడు. పెట్టా. గంట కొట్టా. బుట్ట పోయింది.”

“అంతేనా?”

“అంతే.”

వకీలమ్మ కాగితం మీద ఏమీ రాయలేదు. పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది.

“మేస్త్రి ఎక్కడున్నాడు?”

“పైనే. కిటికీలోంచి తల పెట్టాడు కదా.”

“ఎప్పుడు?”

“అదే, అప్పుడు. ఏదో అన్నాడు కూడా. వాడు ఊరికే ఉండడుగా. నోట్లో స్క్రూలు పెట్టుకుని కూడా మాట్లాడేవాడు.”

“ఏమన్నాడు?”

బాబాయ్ తల గోక్కున్నాడు. “‘బాబాయ్, నా సంతకం వంకరపోయింది, నీదన్నా తిన్నగా పెట్టు’ అన్నాడు. చెయ్యి వణికేదిగా వాడికి ఆ ఏడు. నేను చూస్తే నిజంగానే వంకర. తాగినవాడు నడిచినట్టుంది. నవ్వొచ్చింది.”

వకీలమ్మ ఫైలు తెరిచి వీలునామా ఆఖరి పేజీ చూసింది. మేస్త్రి సంతకం గీత దాటి పైకి పోయి, మళ్లీ కిందికి దిగి ఉంది. దాని కింద బాబాయ్ సంతకం, స్కేలు పెట్టి గీసినట్టు. సన్నటి దారి కనబడుతోంది. మొహంలోకి మాత్రం ఏమీ రానివ్వలేదు. పాతికేళ్ల వృత్తి ఆవిడకి నేర్పింది అదొక్కటే, మొహాన్ని బీరువాలా ఉంచుకోవడం.

“ఈ మాట అన్నది నువ్వు సంతకం పెట్టకముందా, పెట్టాకా?”

బాబాయ్ ఆవిడ వంక చూశాడు. ముప్పై ఏళ్లుగా మనుషుల చేతుల్లోంచి కాగితాలు తీసుకున్నవాడు. ఎవరికి ఎన్ని నకళ్లు కావాలో వాళ్లు నోరు తెరవకముందే పసిగట్టేవాడు. ముందుకి వంగాడు.

“నీకేది కావాలమ్మా?”

అడిగిన తీరులో వంకర లేదు. కొట్టు దగ్గర ఒకవైపా, రెండువైపులా అని అడిగినంత మామూలుగా అడిగాడు.

“నాకేది కావాలో నువ్వు అడగకూడదు.”

“ఎందుకడక్కూడదు? నువ్వు నా ప్లీడరువి కాకపోయినా మా వీధి ప్లీడరువి. ఆ పిల్ల నా కళ్లముందు పెరిగింది. ముందంటే మంచిదయితే ముందంటా, తర్వాతంటే మంచిదయితే తర్వాతంటా. రెండిట్లో ఏదీ చూడనిది చూశానని చెప్పడం కాదుగా. తల పెట్టడం నిజం, మాట అనడం నిజం. కాస్త ఇటో అటో.”

“ఆ ఇటో అటోనే కేసు బాబాయ్.”

“అయితే చెప్పు మరి.”

వకీలమ్మ పేపరు ముక్కని అతని వైపు జరిపింది. ఎర్రగీత ఉన్న చోట వేలు పెట్టింది.

“మొహమాటపడకండి,” అని చదివాడు బాబాయ్. చదివి పకపకా నవ్వాడు. “నీ జవాబు నాకే తిప్పి కొడుతున్నావా!”

“నాక్కూడా కొట్టుకుంటున్నా. రేపు నువ్వు ఏం చెప్పినా, ముందు బుట్ట సంగతి నేనే చెప్తా. ‘కళ్లెదుట’ అని వాంగ్మూలంలో రాసింది నేను. తెలియక రాశానని జడ్జిగారి ముందు ఒప్పుకుని దిద్దుకుంటా.”

“నీ పరువు పోదూ?”

“కొంత పోతుంది. నువ్వు గుర్తు తెచ్చుకో.”

బాబాయ్ కళ్లు మూసుకున్నాడు. కుడిచెయ్యి గాల్లో కదిలింది. బుట్టలోంచి కాగితం తీసినట్టు, బల్ల మీద పరిచినట్టు, జేబులోంచి పెన్ను లాగినట్టు. పెన్ను లాగిన చెయ్యి అక్కడే ఆగింది.

“నల్లసిరానా నీలంసిరానా అని అడిగా. తలెత్తి. గుమస్తా లేడు కిటికీలో, మేస్త్రి ఉన్నాడు. ‘ఏదో ఒకటి పెట్టు బాబాయ్, నా సంతకమే వంకరపోయింది, నీదన్నా తిన్నగా పెట్టు’ అన్నాడు. అప్పుడు పెట్టా. పెట్టేదాకా చూస్తూనే ఉన్నాడు. ‘ఆ, అదీ సంతకమంటే’ అన్నాడు.” కళ్లు తెరిచాడు. “ముందే అమ్మా. నేను పెట్టకముందే. సిరా అడిగాను కాబట్టి ముందే.”

వకీలమ్మ వీలునామా వైపు చూసింది. రెండు సంతకాలూ నీలం. మూడోది, బాబాయ్‌ది, నల్లది.

అప్పుడు పెన్ను మూత తీసింది. అతను అన్నది అన్నట్టుగా, అతని మాటల్లోనే రాసుకుంది. రాస్తుంటే అక్షరాలు కొంచెం వంకర పోయాయి.

“మంచిదేనా?” అన్నాడు బాబాయ్.

“నిజమేనా?”

“నిజమే.”

“అయితే సరే.”

తలుపు తీసి మేనకోడల్ని లోపలికి పిలిచింది. ఏమీ వివరంగా చెప్పలేదు, దారి ఉంది అని మాత్రం అంది. మేనకోడలు గోడకి ఆనుకుని, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి వదిలింది. తర్వాత వెళ్లి బాబాయ్ మోకాలి దగ్గర కింద కూర్చుని, “ఎక్కేటప్పుడంటే ఎలాగో ఎక్కావు, దిగేటప్పుడు నా భుజం పట్టుకో,” అంది.

“బుట్టలో దించరాదూ,” అన్నాడు బాబాయ్.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో ఉండగానే, వృత్తి అలవాటు కొద్దీ, వకీలమ్మ కిటికీ దగ్గరికి వెళ్లింది. రేపు అవతలి ప్లీడరు ఏం అడుగుతాడో ముందుగా తనే అడిగి చూసుకోవాలి కదా. మేస్త్రి నిలబడిన చోట నిలబడింది. మేస్త్రి పెట్టినట్టే తల బయటికి పెట్టి కిందికి చూసింది.

కౌంటరు కనిపించలేదు. బల్ల కనిపించలేదు. బాబాయ్ కూర్చునే స్టూలు కనిపించలేదు. బుట్ట కోసం వదిలిన సందు పక్కనుంచి గోడదాకా, కొట్టు మీద కప్పిన బూడిదరంగు రేకు.

“బాబాయ్, ఈ రేకు ఎప్పుడు వేయించావు?”

“రేకా? వానకి మిషన్ తడిసిందిగా. ఆ ఏడే.”

“ఏ ఏడు?”

“అదే, నాలుగేళ్లవుతుంది. జూన్ వానల్లో.”

వకీలమ్మ తల లోపలికి తీసింది.

“జూన్‌లో ఎప్పుడు? గుర్తు చేసుకో.”

“గుర్తెందుకు, రాసే ఉంటుంది. ఆ వెల్డర్‌కి ఒక అలవాటు. వేసిన ప్రతి రేకు అడుగునా ఎర్రరంగుతో తారీఖు వేస్తాడు, గ్యారంటీ గొడవలు రాకుండా. నేనెప్పుడూ తలెత్తి చూడలేదు. పడుకుంటే కనబడుతుందేమో.”

వకీలమ్మ మెట్ల వైపు తిరిగింది. రెండడుగులు వేసిందో లేదో, వెనక గంట మోగింది.

సైకిలు గంట, బుట్ట గంట. కిందనుంచి ఎవరో తాడు గుంజారు.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ తాడు గుంజే మనిషి పైనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

వకీలమ్మ తిరిగొచ్చి తొంగిచూసింది. రేకు అంచు దాటి రెండు బూట్ల ముక్కులు మాత్రం కనిపిస్తున్నాయి, శుభ్రంగా పాలిష్ చేసినవి. మనిషెవరో కనబడటం లేదు. ఆ రేకు కింద నిలబడ్డవాళ్లు పైనున్నవాళ్లకి కనబడరు, అంతే. తాడు లాగింది. బుట్ట గోడకి ఒరుసుకుంటూ పైకొచ్చింది.

లోపల ఒక చీటీ. చిన్న చిన్న గళ్ల కాగితం, సర్వేయర్లు కొలతలు రాసుకునే పుస్తకంలోంచి చింపింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

‘రేకు పొడవు ఆరడుగులు. వెడల్పు నాలుగు. కిటికీ నుంచి కౌంటరుకు చూపు లేదు. అడుగున ఉన్న తారీఖు: జూన్ పద్నాలుగు. రేపు కోర్టులో కలుద్దాం.’

జూన్ పద్నాలుగు. వీలునామా మీద ఉన్న తారీఖు.

మేనకోడలు చీటీని రెండుసార్లు చదివింది. “అదే రోజు,” అంది, తనలో తనే.

“అదే రోజయితే ఏమైంది?” అంది వకీలమ్మ. గొంతు ఎప్పటిలాగే పలికింది, అందుకు ఆవిడకే ఆశ్చర్యమేసింది. “వీలునామా సంతకాలు పన్నెండుకీ రెండుకీ మధ్య. బాబాయ్, వెల్డర్ ఎన్నింటికి వచ్చాడు? భోజనాల ముందా, తర్వాతా?”

బాబాయ్ కళ్లు మూసుకున్నాడు. ఈసారి చెయ్యి కదల్లేదు. కళ్లు తెరిచాడు. మేనకోడలి నల్లటి గోళ్ల వైపు చూశాడు. పేపరు ముక్క మీది ఎర్రగీత వైపు చూశాడు. చివరికి వకీలమ్మ వైపు తిరిగి, మెల్లిగా, ఈసారి కొట్టులో అడిగినట్టు కాకుండా అడిగాడు.

“నీకేది కావాలమ్మా?”

కిందనుంచి గంట మళ్లీ మోగింది.